బడిగంట తర్వాతి చదువు

వసతి పాఠశాలలో విద్యార్థి గడిపే ఇరవై నాలుగు గంటల్లో తరగతి గదికి చెందేవి ఆరేడు గంటలే కాగా, నిద్రకూ భోజనానికీ స్నానపానాలకూ పోయేవి మినహాయిస్తే మిగిలే ఐదారు గంటలూ ఇంటివి కావు, వీధివి కావు, పూర్తిగా పాఠశాలవే. పగటి బడి ఉపాధ్యాయుడికి ఎన్నడూ దక్కని ఆ గంటలను ఏం చేయాలన్న ప్రశ్నకు ఇచ్చుకున్న జవాబును బట్టే బాలుర వసతి పాఠశాలలు ఒకదానికొకటి భిన్నంగా ఎదిగాయి. కొన్ని పాఠశాలలు ఆ వేళను విద్యార్థులే నడుపుకునే సంఘాలకూ, వాదసభలకూ, పత్రికలకూ, ఆటలకూ పంచి ఇచ్చాయి. కొన్ని మొత్తం వేళను పర్యవేక్షణలో సాగే పఠనానికి, అంటే తెలుగునాట అందరూ స్టడీ అవర్స్ అని పిలిచే దానికి, అప్పగించాయి. మొదటి దారి తొక్కితే మార్కులు తగ్గుతాయన్న భయం తల్లిదండ్రుల్లోనూ ప్రిన్సిపాళ్లలోనూ బలంగా ఉంది. రెండు శతాబ్దాల అనుభవాన్ని పరిశీలిస్తే ఆ భయానికి ఆధారం చాలా తక్కువగా కనిపిస్తుంది.

ఈ చరిత్ర మొదలయ్యేది ఇంగ్లండులోని ఈటన్ కళాశాలలో. 6వ హెన్రీ రాజు 1440లో స్థాపించిన ఈ బాలుర పాఠశాలలో పోటీ పరీక్ష ద్వారా ప్రవేశించే 70 మందిని కింగ్స్ స్కాలర్లు అంటారు. ఫీజు చెల్లించి వేర్వేరు వసతి గృహాల్లో ఉండే మిగిలిన వారిని ఆపిడన్లు అంటారు. ఇటువంటి పాఠశాలలను ఇంగ్లండులో పబ్లిక్ స్కూళ్లని వ్యవహరించినా అవి ప్రభుత్వానివి కావు, సంపన్నుల పిల్లలు డబ్బు కట్టి చదువుకునేవి. 19వ శతాబ్దపు ఈటన్‌లో పాఠ్యక్రమం అంటే దాదాపుగా గ్రీకు, లాటిన్ భాషలే. గణితానికి చోటు స్వల్పం, విజ్ఞానశాస్త్రానికి అంతకంటే స్వల్పం. అటువంటి 9 పాఠశాలల స్థితిగతులను పరిశీలించిన క్లారెండన్ కమిషన్ 1864 నాటి నివేదికలో ఈ లోపాన్ని గట్టిగా ఎత్తిచూపింది. తరగతి ఇంత ఇరుకుగా ఉన్న కాలంలో పాఠ్యక్రమానికి బయటి ఆలోచన ప్రవేశించగలిగిన ద్వారం ఒక్కటే, అది పిల్లలు తమకు తాముగా పెట్టుకున్న సభ.

ఆ సభ 1811లో ఈటన్ సొసైటీ పేరుతో పుట్టింది. తర్వాతి కాలంలో 'పాప్' అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ సంఘం పుట్టుకలో కేవలం వాదసభ మాత్రమే. ఒక ప్రతిపాదనను సభ ముందుంచడం, దాన్ని ఒక పక్షం సమర్థించడం, మరో పక్షం ఖండించడం, అధ్యక్షుడు క్రమాన్ని కాపాడడం, చివరకు సభ్యులు ఓటు వేసి తీర్పు చెప్పడం అన్న పద్ధతిని బ్రిటిష్ పార్లమెంటు నుంచి ఇది యథాతథంగా తీసుకుంది. గడచిన 50 ఏళ్ల రాజకీయ సంఘటనలను చర్చకు పెట్టరాదన్న నిబంధన ఒకటి ఉండేది. వర్తమాన రాజకీయాలను బడిలోకి రానివ్వకూడదన్న పెద్దల జాగ్రత్త అందులో ఉన్నా, ఆ నిబంధనే పిల్లలను చరిత్ర గ్రంథాల వైపు నడిపించింది. పాత రాజుల విచారణల మీద, పాత శాసనాల న్యాయాన్యాయాల మీద వాదించాలంటే వాటిని చదవక తప్పదు.

విలియం గ్లాడ్‌స్టన్ తొలి ప్రసంగం చేసింది ఆ సభలోనే. 1825 అక్టోబరులో, పదిహేనేళ్ల వయసులో, పేదలకు విద్య మొత్తం మీద మేలు చేస్తుందా అన్న అంశం మీద, మేలే చేస్తుందన్న పక్షాన ఆయన మాట్లాడారు. రెండేళ్ల తర్వాత అదే పాఠశాలలో ఒక విద్యార్థి పత్రికకు సంపాదకత్వం వహించారు. ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాక 1830లో అక్కడి వాదసభ అయిన ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌కు అధ్యక్షుడయ్యారు, 1831లో ప్రాచీన భాషల్లోనూ గణితంలోనూ ఏకకాలంలో ప్రథమశ్రేణి సాధించారు. యూనియన్‌లో ఆయన చేసిన ఒక ప్రసంగాన్ని విన్న సహవిద్యార్థి తన తండ్రి న్యూకాజిల్ ప్రభువుకు ఆయన పేరు సూచించగా, ఆ ప్రభువు అండతోనే 1832లో గ్లాడ్‌స్టన్ పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఈటన్‌లో అత్యంత కఠినమైన పోటీ పరీక్షగా పేరొందిన న్యూకాజిల్ స్కాలర్‌షిప్‌ను 1829లో నెలకొల్పిందీ ఆ ప్రభువే. పరీక్షా ప్రతిభకూ వాదప్రతిభకూ ఒకే చేయి బహుమతి ఇచ్చిన ఈ ఉదంతం ఆ కాలపు ఆలోచనను చెబుతుంది: పిల్లవాడి శక్తి ఒకటే, అది రెండు చోట్ల వ్యక్తమవుతుంది. పేదల విద్య మీద పదిహేనేళ్ల వయసులో వాదించిన ఆ పిల్లవాడే ప్రధానమంత్రి అయ్యాక, 1870లో ఆయన ప్రభుత్వం ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రాథమిక విద్యను విస్తరించిన చట్టాన్ని తెచ్చింది. బాల్యంలో చేసిన ఒక ప్రసంగం వల్లే ఆ చట్టం వచ్చిందని ఎవరూ అనరు. అయితే ఒక రాజ్యం నలభై ఐదేళ్ల తర్వాత ఎదుర్కోబోయే ప్రశ్నను పాఠ్యపుస్తకం అడగకముందే ఒక విద్యార్థి సభ అడిగిందన్నది గమనించదగిన విషయం.

అదే సంఘం తర్వాత పోయిన దారిని కూడా దాచకుండా చెప్పాలి. కొత్త సభ్యులను పాత సభ్యులే ఎన్నుకునే పద్ధతి వల్ల పాప్ క్రమంగా వాదసభ స్వభావాన్ని కోల్పోయి, ప్రత్యేక దుస్తులూ ప్రత్యేక హక్కులూ తోటివారిని శిక్షించే అధికారమూ ఉన్న పెద్ద విద్యార్థుల కూటమిగా మారింది. ఆటల్లో మెరిసినవారికి, పేరున్న కుటుంబాలవారికి అందులో చోటు సులువైంది. ఈటన్ నుంచి ఇప్పటివరకు 20 మంది బ్రిటిష్ ప్రధానులు వచ్చారన్న లెక్కను గొప్పగా చెప్పుకునేవారు, ఆ లెక్కలో పాఠశాల బోధన వాటా ఎంత, పుట్టుకతో వచ్చిన పరపతి వాటా ఎంత అన్న ప్రశ్నను దాటవేయరాదు. విద్యార్థి సంఘం తలుపులు అందరికీ తెరిచి ఉన్నంత కాలమే అది విద్యాసాధనం. ఎవరిని రానివ్వాలో తేల్చడమే దాని ప్రధాన కార్యక్రమమైన రోజున ఆ అర్హతను అది పోగొట్టుకుంటుంది.

పరీక్షా ఫలితాలు ఒక విద్యార్థి గురించి ఎంత చెబుతాయో, ఎంత చెప్పలేవో తెలియడానికి ఈటన్‌కే చెందిన ఇద్దరు కింగ్స్ స్కాలర్ల ఉదాహరణ చాలు. ఆర్థికశాస్త్రవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ అక్కడ చదివిన 1897–1902 మధ్యకాలంలో బహుమతి మీద బహుమతి గెలుచుకుంటూనే సంఘాల్లో చురుకుగా పాల్గొని, చివరి సంవత్సరంలో పాప్‌కు ఎన్నికయ్యారు. 1917 నుంచి 1921 వరకు అక్కడే ఉన్న ఎరిక్ బ్లెయిర్, అంటే తర్వాతి కాలపు జార్జ్ ఆర్వెల్, చదువులో వెనకబడి, ఒక దశలో 167 మందిలో 138వ స్థానంలో నిలిచారు. ఆ కాలంలో ఆయన శ్రద్ధ పెట్టింది తోటి విద్యార్థులు వెలువరించిన చిన్న పత్రికల మీద. మొదటివారి విషయంలో మార్కులూ సంఘమూ కలిసి నడిచాయి. రెండోవారి విషయంలో మార్కుల పట్టిక చూసి ఆయనను అంచనా కట్టి ఉంటే ఆ అంచనా ఘోరంగా తప్పేది, విద్యార్థి పత్రిక చూసి అంచనా కట్టి ఉంటే నిజానికి కొంత దగ్గరగా వెళ్లేది.

చాంద్‌బాగ్‌కు చేరిన నమూనా

ఈటన్ తరహా వసతి పాఠశాల నమూనా భారతదేశానికి చేరిన తీరులో రెండు దశలున్నాయి. మొదటి దశ సంస్థానాధీశుల పిల్లల కోసం, జాగీర్దారుల పిల్లల కోసం పెట్టిన కళాశాలలది. హైదరాబాదులో 1923లో నెలకొన్న జాగీర్దార్ కళాశాల ఆ కోవకు చెందింది. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దయ్యాక అది హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారి అన్ని వర్గాల బాలురకూ ప్రవేశం కల్పించింది, 1988 దాకా బాలుర పాఠశాలగానే కొనసాగింది. అంతర్జాతీయ కంపెనీలకు సారథులైన సత్య నాదెళ్ల, శంతను నారాయణ్, అజయ్ బంగా ఆ పాఠశాల పూర్వవిద్యార్థులే. వీరిలో నాదెళ్ల తాను ఐఐటీ ప్రవేశ పరీక్షలో నెగ్గలేదని బహిరంగంగా చెప్పుకున్నారు, తనను తీర్చిదిద్దిన వాటిలో పాఠశాల క్రికెట్ మైదానానికి పెద్ద స్థానం ఇచ్చారు. ఐఐటీ ర్యాంకే పిల్లవాడి భవిష్యత్తుకు ఏకైక కొలమానమని నమ్మే తెలుగు కుటుంబాలు ఈ ఒక్క విషయాన్ని తాపీగా ఆలోచించుకోవలసి ఉంది.

రెండో దశ డెహ్రాడూన్‌లోని డూన్ స్కూలుది. వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో న్యాయ సభ్యుడిగా పనిచేసిన బెంగాలీ న్యాయవాది సతీశ్ రంజన్ దాస్, కులమతాల పట్టింపు లేకుండా భారతీయ బాలురకు ఒక పబ్లిక్ స్కూలు ఉండాలని తలపెట్టి, అందుకోసం దేశమంతా తిరిగి విరాళాలు సేకరించారు. 1928లో ఆయన మరణించాక, 1935 సెప్టెంబరులో, ఒకప్పుడు అటవీ పరిశోధన సంస్థకు నెలవైన చాంద్‌బాగ్ ఆవరణలో, 70 మంది బాలురతో పాఠశాల మొదలైంది. విరాళాలిచ్చిన సంస్థానాల, కుటుంబాల పేర్లు వసతి గృహాలకు పెట్టగా, వాటిలో కశ్మీర్, జైపూర్, టాటా హౌస్‌ల సరసన హైదరాబాద్ హౌస్ కూడా నిలిచింది. 'హౌస్' అంటే కేవలం పడకగదుల భవనం కాదు. వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి కలిసి ఉండి, ఒక ఉపాధ్యాయుడి సంరక్షణలో ఆటల్లోనూ వాదసభల్లోనూ నాటకాల్లోనూ ఇతర హౌస్‌లతో పోటీపడే చిన్న సమాజం అది.

తొలి ప్రధానోపాధ్యాయుడు ఆర్థర్ ఫుట్ ఈటన్‌లో విజ్ఞానశాస్త్రం బోధించి వచ్చినవారు, ఆయన సహచరుడూ వారసుడూ అయిన జాన్ మార్టిన్ హారో పాఠశాల నుంచి వచ్చినవారు. పరాయి పాలన ఇంకా సాగుతున్న ఆ రోజుల్లోనే, దేశం దాన్ని జాతీయగీతంగా స్వీకరించడానికి చాలా ముందే, జనగణమనను ఈ పాఠశాల తన పాఠశాల గీతంగా తీసుకుంది. 1936లో మొదలైన డూన్ స్కూల్ వీక్లీ అనే విద్యార్థి వారపత్రిక ఇప్పటికీ నడుస్తోంది. విక్రమ్ సేఠ్ ఆ పత్రికకు సంపాదకుడిగా ఉన్న రోజుల్లో అమితావ్ ఘోష్ అందులో కథలూ కవితలూ రాశారు. ఘోష్, చరిత్రకారుడు రామచంద్ర గుహ కలిసి హిస్టరీ టైమ్స్ అనే మరో విద్యార్థి పత్రికను స్థాపించారు. ముగ్గురు పెద్ద రచయితలు ఒకే ఆవరణలో దాదాపు ఒకే కాలంలో ఉండడం కాకతాళీయం కావచ్చు. కానీ పదిహేను పదహారేళ్ల పిల్లలకు వారం వారం గడువు పెట్టి, అచ్చుతప్పులు దిద్దించి, రాసినదానికి తోటివారి నుంచి నిందాస్తుతులు ఎదుర్కొనేలా చేసే ఏర్పాటు ఆ ఆవరణలో ఎవరో ముందే చేసి ఉంచారన్నది మాత్రం కాకతాళీయం కాదు.

పర్వతారోహణ కూడా అక్కడ విద్యార్థి సంఘాల పరిధిలోకే వచ్చింది. 1951లో హిమాలయాల్లోని త్రిశూల్ శిఖరాన్ని అధిరోహించిన గుర్‌దయాళ్ సింగ్ ఆ పాఠశాల ఉపాధ్యాయుడే. అరవై మూడేళ్ల తర్వాత, 2014 మే 25న, అప్పటి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదువుకుంటున్న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరం ఎక్కారు. చాంద్‌బాగ్‌లో సంపన్నుల పిల్లలకు అందిన అవకాశం నిరుపేద కుటుంబాల పిల్లలకు అందితే ఏం జరుగుతుందో ఆ రోజు దేశం చూసింది.

డూన్ మీద విమర్శలు లేకపోలేదు, అవి న్యాయమైనవి కూడా. సామాజిక శాస్త్రవేత్త సంజయ్ శ్రీవాస్తవ 1998లో వెలువరించిన అధ్యయనం, ఆ పాఠశాల తయారుచేసిన 'ఆధునిక భారతీయుడు' అన్న భావన నగరాల్లోని ఉన్నతవర్గ పురుషుడి చుట్టూ అల్లుకున్నదని విశ్లేషించింది. ఫీజు భరించగలిగిన కొద్ది కుటుంబాలకే అక్కడి సంఘాలూ పత్రికలూ అందుతాయన్నది కాదనలేని సత్యం. ఈ సత్యం నుంచి రాబట్టవలసిన ముగింపు ఆ పద్ధతులు పనికిరానివని కాదు, అవి కొద్దిమంది దగ్గరే ఆగిపోవడం అన్యాయమని.

సర్వేల్ నుంచి నవోదయ దాకా

ఆ అన్యాయానికి ప్రభుత్వం తరఫున తొలి జవాబు తెలుగు నేల మీదే పుట్టింది. అంతకుముందు విద్యామంత్రిగా పనిచేసి 1971లో ముఖ్యమంత్రి అయిన పి.వి. నరసింహారావు, ఆ ఏడాదే అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో బాలుర గురుకుల పాఠశాలను ప్రారంభింపజేశారు. దేశంలోనే తొలి ప్రభుత్వ గురుకుల పాఠశాలగా అది పేరు పొందింది. 1972లో గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో అటువంటివే వెలిశాయి. ప్రవేశ పరీక్ష ద్వారా పల్లెల్లోని ప్రతిభావంతులను ఎంపిక చేసి, ఉచిత భోజన వసతులతో, ఉపాధ్యాయులు ఆవరణలోనే నివసించేలా ఏర్పాటు చేసిన ఈ పాఠశాలల పేర్లు పదో తరగతి రాష్ట్రస్థాయి ర్యాంకుల జాబితాల్లో ఏళ్ల తరబడి వినిపించాయి. సాయంత్రం బడి ముగిశాక పొలానికో పశువుల వెంటో వెళ్లనవసరం లేని, దీపం కింద కూర్చుని చదువుకోగలిగిన ఒక నిశ్చింత వేళ తొలి తరం విద్యార్థికి జీవితంలో మొదటిసారి దొరికిందన్నదే ఆ ఫలితాల వెనుక ఉన్న ప్రధాన కారణం. స్టడీ అవర్స్‌ను విమర్శించేవారు ఎవరైనా ముందుగా ఈ మేలును అంగీకరించి తీరాలి.

1985లో కొత్తగా ఏర్పడిన మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖ పగ్గాలు పి.వి. చేతికి వచ్చాయి. ఆయనకు ఆ బాధ్యత అప్పగించిన ప్రధాని రాజీవ్ గాంధీ డూన్ స్కూలు పూర్వవిద్యార్థి. సర్వేల్‌ను నాటిన మనిషి, డూన్‌లో చదివిన మనిషి కలిసి పనిచేసిన ఆ కాలంలోనే 1986 జాతీయ విద్యావిధానం రూపొందింది, నవోదయ విద్యాలయాలు పుట్టాయి. 1985–86లో హర్యానాలోని ఝజ్జర్‌లో, మహారాష్ట్రలోని అమరావతిలో ప్రయోగాత్మకంగా మొదలై జిల్లాకొకటి చొప్పున విస్తరించిన ఈ ఉచిత వసతి పాఠశాలలు కేవలం బాలురకు పరిమితం కాలేదు. సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ విద్యార్థులకు, మూడోవంతు బాలికలకు కేటాయించారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అన్న నాలుగు హౌస్‌లుగా విద్యార్థులను విభజించడంలో పాత పబ్లిక్ స్కూలు పద్ధతి స్పష్టంగా కనిపిస్తుంది. 9వ తరగతిలో కొందరు విద్యార్థులను ఏడాది పాటు హిందీ ప్రాంతం నుంచి హిందీయేతర ప్రాంతానికీ, అటు నుంచి ఇటూ పంపే ఏర్పాటు మాత్రం పూర్తిగా స్వదేశీ ఆలోచన. సీబీఎస్‌ఈ ఏటా ప్రకటించే ఉత్తీర్ణత పట్టికల్లో నవోదయలు తరచూ అగ్రస్థానాల్లో ఉంటున్నాయి. అవే నవోదయల్లో కేంద్ర పార్లమెంటరీ వ్యవహారాల శాఖ యువజన పార్లమెంటు పోటీలు నిర్వహిస్తోంది. 1962లో బొంబాయిలో జరిగిన అఖిల భారత విప్‌ల సమావేశం చేసిన సిఫారసు మేరకు, 1966–67లో ఢిల్లీ పాఠశాలల్లో మొదలైన పథకం అది. పిల్లలే స్పీకరుగా, మంత్రులుగా, ప్రతిపక్షంగా ఏర్పడి ప్రశ్నోత్తరాల సమయం నుంచి బిల్లు ఆమోదం దాకా ఒక సభను నడిపి చూపాలి. ఆ తర్ఫీదుకు వెచ్చించిన సాయంత్రాలు నవోదయల ఉత్తీర్ణత శాతాన్ని కిందికి లాగిన దాఖలా లేదు.

వాదన వల్ల వచ్చేదేమిటి?

వాదసభ ప్రయోజనం అర్థం కావాలంటే దాని పనితీరును దగ్గరగా చూడాలి. పాఠశాల స్థాయి ప్రపంచ పోటీల్లో అనుసరించే పద్ధతిలో పక్షానికి ముగ్గురు వక్తలుంటారు. ఒక్కొక్కరు 8 నిమిషాలు మాట్లాడాక, ఇరుపక్షాలూ 4 నిమిషాల ముగింపు ప్రసంగాలు చేస్తాయి. 8 నిమిషాల ప్రసంగంలో మొదటి నిమిషం, చివరి నిమిషం మినహా ఎప్పుడైనా ప్రత్యర్థి లేచి ప్రశ్న సంధించవచ్చు. నూటికి 40 మార్కులు విషయానికి, 40 మాటతీరుకు, 20 వ్యూహానికి, అంటే వాదనను పేర్చి ప్రత్యర్థి వాదనకు జవాబిచ్చే నేర్పుకు. వీటన్నిటికంటే ముఖ్యమైన నియమం, ఏ పక్షాన మాట్లాడాలో వక్త ఎంచుకోలేడు. తాను నమ్మని పక్షం తన వంతుకు వస్తే, ఆ పక్షంలో ఉన్న అత్యంత బలమైన కారణాన్ని వెతికి పట్టుకోక తప్పదు. అవతలివాడు మూర్ఖుడు కాడనీ, తనలాగే కారణాలున్న మనిషనీ ఒక బాలుడు గ్రహించే చోటు ఇది. బాలుర వసతి గృహాల్లో పెద్దవాళ్లు చిన్నవాళ్లను మాటతోనో చేతితోనో లొంగదీసుకునే వాతావరణం ఎంత సులభంగా ఏర్పడుతుందో తెలిసినవారికి, ఎనిమిదో తరగతి పిల్లవాడు పదో తరగతి పిల్లవాడిని నియమబద్ధంగా నిలదీయగలిగే వేదిక ఎంత అమూల్యమైనదో వేరే చెప్పనక్కరలేదు.

మార్కుల మీద దీని ప్రభావం గురించి జరిగిన పరిశోధన అమెరికా నగరాల ప్రభుత్వ పాఠశాలలది. షికాగోలో 1997–2007 మధ్య చదివిన విద్యార్థులను పరిశీలించిన అధ్యయనం, వాదసభల్లో పాల్గొన్నవారు ఉన్నత పాఠశాల విద్యను పూర్తిచేసే అవకాశం ఎక్కువని తేల్చింది. చదువులో ముందే మెరుగ్గా ఉన్నవారే వాదసభల్లో చేరి ఉండవచ్చన్న సందేహం అటువంటి పోలికలన్నిటికీ వర్తిస్తుంది. ఆ సందేహాన్ని తొలగించే ప్రయత్నంలో, బోస్టన్ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకే విద్యార్థి వాదసభలో చేరకముందూ చేరిన తర్వాతా సాధించిన ఫలితాలను పోల్చి 2023లో వెలువడిన అధ్యయనం మరింత స్పష్టమైన ఫలితం చూపింది. భాషా పరీక్షల్లో కనిపించిన మెరుగుదల, 9వ తరగతి విద్యార్థి సగటున ఏడాదిలో సాధించే ప్రగతిలో మూడింట రెండు వంతులకు సమానం. ఆ మెరుగుదల బట్టీకి సంబంధించిన అంశాల్లో కంటే విశ్లేషణకు సంబంధించిన అంశాల్లో ఎక్కువగా కనిపించింది. గణితం మార్కులు తగ్గలేదు, హాజరు తగ్గలేదు. అంతకుముందు చదువులో బాగా వెనకబడి ఉన్నవారికే అత్యధిక లాభం కలిగింది. మాట్లాడే అవకాశాన్ని తరగతిలో మొదటి వరుస పిల్లలకే ఇచ్చే అలవాటున్న పాఠశాలలు ఈ చివరి వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదవాలి.

అయితే చర్చ అన్న పేరు ఉన్న ప్రతి కార్యక్రమమూ ఫలితమివ్వదు. ఇంగ్లండులో పిల్లల చేత తాత్విక ప్రశ్నల మీద చర్చ చేయించే ఒక పథకం, 48 పాఠశాలల్లో జరిపిన తొలి పరీక్షలో చదవడంలోనూ గణితంలోనూ కొంత ప్రగతి చూపినా, తర్వాత మరింత పెద్ద సంఖ్యలో పాఠశాలల్లో జరిపిన పరీక్షలో చదివే నైపుణ్యంలో చెప్పుకోదగిన మార్పేమీ చూపలేకపోయింది. బోస్టన్ వాదసభల్లో పిల్లలు నెలల తరబడి ఒకే అంశం మీద పత్రాలు చదివి, ఆధారాలు పోగుచేసి, ప్రతి పోటీలోనూ వాటిని పరీక్షకు పెట్టారు. తేడా అక్కడే ఉందని అనిపిస్తుంది: చదివి వచ్చి మాట్లాడడం వేరు, ఊరికే మాట్లాడడం వేరు.

పరీక్షా విధానమే సంఘాలను తనలో కలుపుకున్న ఉదాహరణ కూడా ఉంది. డూన్ స్కూలు 2006 నుంచి 12వ తరగతి స్థాయిలో ఐఎస్‌సీ అనే దేశీయ బోర్డు పరీక్షతో పాటు అంతర్జాతీయ బాకలోరియట్ డిప్లొమాను, అంటే ఐబీని, అందిస్తోంది. అందులో ఆరు విషయాలకు ఒక్కొక్కదానికి 7 చొప్పున 42 పాయింట్లు, స్వయంగా ఎంచుకున్న అంశం మీద 4,000 పదాల లోపు రాసే పరిశోధన వ్యాసానికీ జ్ఞానస్వభావం గురించిన చర్చాపాఠానికీ కలిపి 3 పాయింట్లు, మొత్తం 45. సృజన, శారీరక కృషి, సేవ అన్న మూడింటిలో విద్యార్థి క్రమం తప్పకుండా పాల్గొన్నట్లు నమోదు కాకపోతే పాయింట్లు ఎన్ని వచ్చినా డిప్లొమా రాదు. ఖరీదైన ఈ చదువును యథాతథంగా తెచ్చుకోవడం ప్రభుత్వ పాఠశాలలకు సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. సంఘానికి కేటాయించిన వేళను పరీక్ష మింగేయకుండా ఒక నియమంతో కాపాడవచ్చునన్న ఆలోచనను తీసుకుంటే చాలు.

ఎందుకంటే తెలుగు రాష్ట్రాల వసతి విద్యలో ఆ వేళ నిజంగానే మింగబడింది. ఇంజనీరింగు, వైద్య ప్రవేశ పరీక్షల లక్ష్యంతో నడిచే ప్రైవేటు వసతి కళాశాలల్లో తెల్లవారుజాము నుంచి రాత్రి పది దాటేవరకు తరగతి, స్టడీ అవర్, స్లిప్ టెస్టు అన్న వరుస తప్ప మరొకటి ఉండదు. ఆ వరుస క్రమంగా ప్రభుత్వ గురుకులాల దినచర్యను కూడా ప్రభావితం చేసింది. తెలంగాణలోనే వివిధ సంక్షేమ సొసైటీల కింద వెయ్యికి అటూ ఇటూగా గురుకులాలు నడుస్తున్నాయి. ఇంత విస్తారమైన ప్రభుత్వ వసతి విద్య దేశంలో అరుదు. అయినా చాలా చోట్ల వాదసభ స్థానంలో మిగిలింది ఆగస్టు 15కో జనవరి 26కో జరిగే వక్తృత్వ పోటీ. ఉపాధ్యాయుడు రాసి ఇచ్చిన రెండు పేజీలను పిల్లవాడు కంఠస్థం చేసి, చేతులు ఆడిస్తూ అప్పగించి, బహుమతి తీసుకుంటాడు. ప్రతివాదం లేదు, ప్రశ్న లేదు, ఓటు లేదు. ఇది కూడా ఒక రకమైన పరీక్షే తప్ప వాదన కాదు, దీనివల్ల పిల్లవాడి ఆలోచన ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

సమస్యాపూరణాన్ని, అప్రస్తుత ప్రసంగాన్ని తట్టుకుని ధారణ చెదరకుండా పద్యం చెప్పే అవధానాన్ని కన్న భాష ఇది. సభలో అడిగిన ప్రశ్నకు సభలోనే జవాబివ్వడం ఈ నేలకు కొత్త కాదు. బడి పిల్లలే రాసి, బొమ్మలు వేసి, కుట్టి, చేతులు మార్చుకుంటూ చదువుకున్న లిఖిత పత్రికల సంప్రదాయం కూడా తెలుగు పాఠశాలల్లో ఉండేది. ఇంట్లో మొదటిసారి బడి ముఖం చూసిన పిల్లవాడు ముందు తన భాషలో వాదించడం నేర్చుకుంటే, ఆ వాదనాక్రమాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లడం ఆ తర్వాత కష్టం కాదు. ఆంగ్ల మాధ్యమం పేరుతో మొదటి రోజు నుంచే ఇంగ్లీషులోనే మాట్లాడమని ఒత్తిడి చేస్తే, ఆలోచన ఉన్న పిల్లవాడు మూగవాడైపోయి, బట్టీ పట్టగలిగినవాడు వక్తగా చెలామణి అవుతాడు.

ఇందుకు కొత్త భవనాలు, కొత్త పోస్టులు అక్కరలేదు. ఒక గంట, ఒక గోడగడియారం, రోజూ వచ్చే రెండు దినపత్రికలు, గ్రంథాలయం తాళంచెవి పిల్లల చేతికి ఇవ్వగల ఒక ఉపాధ్యాయుడు చాలు. అంశం వారం ముందు ప్రకటించాలి. పక్షాలు చీటీ తీసి నిర్ణయించాలి. అధ్యక్షస్థానం ప్రతి వారం మారాలి. ఏడాదిలో ప్రతి విద్యార్థీ కనీసం ఒకసారి మాట్లాడి, కనీసం ఒకసారి అధ్యక్షత వహించాలి. సభ తీర్మానాన్ని, దానికి అనుకూలంగానూ ప్రతికూలంగానూ వచ్చిన వాదనలను మరునాడు గోడపత్రిక మీద పిల్లలే రాయాలి. ఈ ఏర్పాటు ఒక మంచి ప్రిన్సిపాల్ ఉన్నంతకాలం నడిచి ఆయన బదిలీతో ఆగిపోకూడదంటే అది లిఖితపూర్వక నియమం కావాలి. రెండు రాష్ట్రాల గురుకుల సొసైటీలు వచ్చే జూన్‌లో కొత్త విద్యాసంవత్సరపు దినచర్యను ఖరారు చేసేటప్పుడు, వారానికి ఒక సాయంత్రాన్ని వాదసభకూ విద్యార్థి సంఘాలకూ కేటాయించి, ఆ వేళ స్లిప్ టెస్టు గానీ అదనపు తరగతి గానీ పెట్టరాదని ఉత్తర్వు జారీ చేయాలి.